మూత్రపిండం పై భాగాన్ని తీసివేయాలా, నాళాన్ని దారి మళ్ళించాలా?

పెద్దక్క:
మా చెల్లెలికి 27 ఏళ్ళు. మూత్రానికి మామూలుగానే వెళ్తుంది, ఆపుకోవాలంటే ఆపుకోగలదు. అయినా చిన్నప్పటి నుంచి రాత్రీ పగలూ చుక్కచుక్కగా తడుస్తూనే ఉంటుంది. బడికి వెళ్ళే రోజుల్లో బద్ధకమని తిట్టాం, పెళ్ళయ్యాక నరాల బలహీనతంటే మాత్రలు వాడించాం. అల్ట్రాసౌండ్ ఎన్నిసార్లు తీసినా ఏమీ కనబడలేదు. చివరికి ఒక డాక్టరుగారు మూత్రాశయంలోకి నీలిరంగు ద్రవం ఎక్కించి ప్యాడ్ పెట్టించారు. ప్యాడ్ తడిసింది గాని దానికి నీలం అంటలేదు, అంటే ఆ తడి మూత్రాశయం నుంచి రావడం లేదన్నమాట. ఆ తర్వాత ఎమ్మారైలో, ఎడమ మూత్రపిండం నుంచి మూత్రాన్ని కిందికి తెచ్చే నాళాలు ఒకటికి బదులు రెండు ఉన్నాయనీ, పై భాగం నుంచి వచ్చే నాళం మూత్రాశయంలో కాక యోనిలోకి తెరుచుకుందనీ తేలింది. ఒక సర్జన్ పై భాగాన్ని తీసివేయాలంటున్నారు, మరొకరు ఆ నాళాన్ని మంచి నాళానికి కలిపితే చాలంటున్నారు. ఏది మేలు?

యూరాలజీ పీజీ:
నా ఓటు తీసివేయడానికే. ఇలాంటి పై భాగం సాధారణంగా సరిగ్గా ఎదగదు, దాని పనితనం స్వల్పం. దాన్ని ఉంచితే ఇన్‌ఫెక్షన్‌కు నెలవవుతుంది. పైగా కలపాలంటే ఇన్నాళ్ళూ నిక్షేపంగా పనిచేస్తున్న నాళానికి కత్తి పెట్టాలి. అతికిన చోట మూత్రం కారినా, సన్నబడినా మంచి భాగానికే నష్టం.

విశ్రాంత వైద్యురాలు:
నాళానికి కత్తి పెట్టడం గురించి మీరు చెప్పింది నిజమే, కానీ తూకంలో రెండో పళ్ళెం కూడా చూడాలి. పై భాగానికీ కింది భాగానికీ వెళ్ళే రక్తనాళాలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, పై భాగాన్ని కోసే క్రమంలో కింది భాగం రక్తప్రసరణ దెబ్బతిని, అదీ పనిచేయకుండా పోయిన సందర్భాలున్నాయి. కలిపే శస్త్రచికిత్సలో మూత్రపిండాన్ని ముట్టుకోనే అక్కర్లేదు, మూత్రాశయానికి దగ్గరగా కింద పని ముగుస్తుంది. పనిచేయని ముక్కను వదిలేస్తే తప్పక ప్రమాదమన్నది మనం అలవాటుగా చెప్పుకుంటున్న మాటే గాని, దానికి బలమైన ఆధారాలు లేవు. ఈ లోపం పెద్దవయసులో బయటపడడం అరుదు కనుక మన దగ్గరున్నవి ఎక్కువగా పిల్లల మీద జరిగిన అధ్యయనాలూ, పెద్దవారిలో విడివిడి కేసుల వివరాలూ మాత్రమే. చీము, రాళ్ళు, మళ్ళీమళ్ళీ జ్వరాలు ఉంటే నేనూ తీసివేయమనే అంటాను; నాళం బాగా ఉబ్బిపోయి ఉన్నా కలపడానికి జంకుతాను. అవేవీ లేనప్పుడు కలపడమే మేలని నా అభిప్రాయం.

అక్కగారూ, నన్ను బాధించేది వేరొకటి. మామూలుగా మూత్రానికి వెళ్తూ కూడా పుట్టినప్పటి నుంచి తడుస్తోందని చెప్పే ఆడపిల్ల విషయంలో మొదట అనుమానించవలసింది ఈ నాళాన్నే. మగవారిలో అది మూత్రాన్ని పట్టి ఉంచే బయటి కండరానికి పైనే తెరుచుకుంటుంది కాబట్టి తడి ఉండదు. ఆడవారిలో ఆ కండరాన్ని దాటి తెరుచుకోవచ్చు. నరాలకు మాత్రలు రాసేముందు ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మీ చెల్లెలికి ఇన్నేళ్ళ అవస్థ తప్పేది.

యూరాలజీ పీజీ:
రక్తనాళాల సంగతి ఒప్పుకుంటున్నాను. అయినా డీఎంఎస్ఏ స్కాన్‌లో పై భాగం పనితనం ఎంతో చూడకుండా ఏ పక్షమూ ఖాయం చేసుకోకూడదు.

పెద్దక్క:
జ్వరంతో ఇన్‌ఫెక్షన్ ఒక్కసారీ రాలేదు. నాళం వెడల్పు రిపోర్టులో రాయలేదు, అడుగుతాను. చెల్లి మాత్రం, ఏ ఆపరేషనైనా సరే, ప్యాడ్ లేకుండా బస్సెక్కగలనా అని అడుగుతోంది.

విశ్రాంత వైద్యురాలు:
రెండు పద్ధతుల ఉద్దేశమూ ఆ తడిని ఆపడమే. అయితే కుడివైపు కూడా ఇలాంటి నాళం లేదని ఎమ్మారైలో నిర్ధారించమని ముందే అడగండి. అది ఉండిపోతే ఎడమవైపు ఎంత బాగా చేసినా తడి ఆగదు.