స్లాబు మీద సున్నం పెచ్చులుగా లేచిపోతోంది, ఏం కలపాలి?

పై అంతస్తు గదుల్లో వేడి తగ్గించడానికి కాంక్రీటు స్లాబు మీద సున్నం పూత వేస్తున్నాం. కొత్తగా ఉన్నంతకాలం తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఎండలో ఎక్కువ భాగం తిరిగి పైకి పోతుంది కాబట్టి, స్లాబు పగలు దాచుకుని రాత్రి గదిలోకి వదిలే వేడి తగ్గుతుంది. ఇబ్బందల్లా పూత నిలవకపోవడమే.

మేం చేసే పద్ధతి: తీగ బ్రష్షుతో నాచు, దుమ్ము రుద్ది కడగడం, రాత్రంతా నానిన సున్నాన్ని గుడ్డలో వడగట్టి పాలంత పలచగా చేయడం, సాయంత్రం స్లాబు చెమ్మగా ఉండగానే రెండు పలచని పూతలు వేయడం. మండుటెండలో మాత్రం వేయం. గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టుకుని గట్టిపడటానికి సున్నానికి తేమ కావాలి. త్వరగా ఆరితే చేతికి పొడిగా అంటుతుంది. మందంగా వేస్తే పగులుతుంది.

ఇంత చేసినా నీళ్లు నిలిచే మూలల్లో, మనుషులు నడిచేచోట పెచ్చులు లేస్తున్నాయి. చెక్కపనికి వాడే తెల్ల జిగురు కలపమని కొందరంటారు. కానీ అది తడిస్తే మెత్తబడుతుంది, వానకు ఆగుతుందా అని అనుమానం. దాని బదులు యాక్రిలిక్ ద్రావణం కలిపినవాళ్లున్నారా? 10 లీటర్ల సున్నానికి ఎంత? లేక తెల్ల సిమెంటుకు మారడమే మేలా?

రెండు వేసవులైనా నిలిచిన పూత మీ దగ్గరుంటే పాళ్లు, పూతల సంఖ్య, స్లాబు నునుపా గరుకా అన్నది దయచేసి చెప్పండి. దుమ్ము పడి తెలుపు తగ్గితే కడిగితే సరిపోతుందా, మళ్లీ వేయాలా?