కబడ్డీ అమ్మాయిల మోకాళ్లు: ఏసీఎల్ తెగకుండా ప్రాక్టీసులో ఏం చేయించాలి?

హైస్కూల్_పీడీ
మా స్కూల్ అమ్మాయిల కబడ్డీ జట్టులో అందరూ 13 నుంచి 16 ఏళ్ల వాళ్లే. ప్రాక్టీసు మట్టి కోర్టులో, టోర్నమెంట్లు మ్యాట్ మీద. ఈ సీజన్‌లో ఇద్దరు రైడర్లకు మోకాలు దెబ్బతింది. ఒకమ్మాయికి ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్, అంటే గట్టి పట్టీ) పూర్తిగా తెగిందని ఎమ్మారైలో తేలింది. ఆ పిల్లను ఎవరూ పట్టుకోలేదు కూడా. బోనస్ తీసుకుని వెనక్కి తిరుగుతూ కూలబడింది. వార్మప్‌కి రెండు రౌండ్ల పరుగు, తర్వాత స్ట్రెచింగ్ చేయిస్తున్నా. తల్లిదండ్రులేమో మోకాలి తొడుగులు (నీ-క్యాప్‌లు) వేయించమంటున్నారు. చేతిలో ఉన్నది రోజుకి గంట. ఏం మార్చాలి?

ఫిజియో_బెజవాడ
మేడమ్, ఎవరూ తగలకుండా తెగడం వింతేం కాదు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌లోనూ ఎక్కువ శాతం ఏసీఎల్‌లు అలాగే పోతాయి. మోకాలి కింది ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా ఆపేది ఈ లిగమెంట్. పాదం నేలకు అతుక్కుపోయి, మోకాలు దాదాపు నిటారుగా ఉండి లోపలికి వాలిందనుకోండి, అదే క్షణంలో పైన ఒళ్లు తిరిగితే భారమంతా దాని మీదే పడుతుంది. కండరాలు అందుకునేలోపే తెగిపోతుంది. అందుకే మ్యాచ్‌లో పక్కనుంచి "జాగ్రత్త" అని అరిచి లాభం లేదు. సరిగ్గా దిగడం, తిరగడం అలవాటైపోవాలి.

నీ-క్యాప్ చర్మం గీసుకుపోకుండా కాపాడుతుంది, అంతే. లిగమెంట్‌ను ఆపే బలం ఆ గుడ్డకు లేదు. నిలబడి సాగదీసే స్ట్రెచింగ్ వల్ల కూడా ఏసీఎల్ గాయాలు తగ్గవు. ఆ సమయాన్ని 'ఫిఫా 11 ప్లస్' తరహా వార్మప్‌కి ఇవ్వండి. 20 నిమిషాలు, వారానికి కనీసం రెండుసార్లు. నార్వేలో 13–17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిలతో జరిగిన పెద్ద ట్రయల్ 2008లో అచ్చయింది. అది చేసిన జట్లలో తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. ఫుట్‌బాల్ కోసం చేసిందే అయినా బంతి లేకుండా మొత్తం చేయించొచ్చు.

8 నిమిషాలు మెల్లగా పరుగు, మధ్యలో పక్కకి, వెనక్కి అడుగులు. తర్వాత 10 నిమిషాలు బలం, బ్యాలెన్స్, గెంతులు: ప్లాంక్ 20–30 సెకన్లు మూడుసార్లు, ఒంటికాలి మీద నిలబడడం ఒక్కో కాలికి 30 సెకన్లు రెండుసార్లు, గుంజీళ్లు 30 సెకన్లు రెండుసార్లు, పైకీ పక్కకీ గెంతులు. చివరి 2 నిమిషాలు వేగంగా పరుగెత్తి దిశ మార్చడం.

బలం కోసం చేసేవాటిలో వదలకూడనిది నార్డిక్ హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరానికి వ్యాయామం). మడిచిన గోనెసంచి మీద మోకాళ్లు ఆనించి నిటారుగా నిలబడాలి, వెనక ఒకమ్మాయి రెండు మడమలూ గట్టిగా అదిమి పట్టాలి. మోకాలి నుంచి తల దాకా ఒకే గీతలా ఉంచి, వీలైనంత మెల్లగా ముందుకు వాలాలి. ఆపలేని చోట చేతుల మీద పడాలి. అందరూ నడుము దగ్గర వంగిపోతారు, అప్పుడు తొడ వెనక కండరానికి పనే ఉండదు. మొదట్లో 3–5 సార్లు చాలు, కొన్ని వారాల్లో 12–15కి పెంచండి. కొత్తలో రెండు రోజులు తొడ పట్టేస్తుంది కాబట్టి మ్యాచ్ ముందు రోజు వద్దు.

లెఫ్ట్_కార్నర్
కోచింగ్ వైపు నుంచి ఒక మాట. అమ్మాయిల కోర్టులో బాక్ లైన్ (రైడర్ కనీసం దాటాల్సిన గీత) మిడ్‌లైన్‌కి 3 మీటర్లు, బోనస్ లైన్ (అదనపు పాయింటు గీత) ఇంకో మీటరు. బోనస్‌కి కాలు చాపిన రైడర్ ఒంటికాలి మీద, ఒళ్లంతా సాగి ఉంటుంది. అక్కడినుంచి ఒకే పెద్ద అడుగు గుచ్చి గిరుక్కున తిరిగితే మోకాలికి ముప్పే. రెండు మూడు చిన్న అడుగులు, నడుము కిందికి, మోకాలూ పాదం వేళ్లూ ఒకే వైపు, తిరిగేటప్పుడు పాదం కూడా తిరగాలి. ముందు నడకలో, తర్వాత సగం వేగంలో, ఆ తర్వాతే క్యాచర్‌ని ఎదురు పెట్టి.

యాంకిల్ హోల్డ్ (చీలమండ పట్టు) పడ్డాక నిలబడి మెలి తిరిగి విడిపించుకోవద్దని చెప్పండి. కిందికి పడి మిడ్‌లైన్ వైపు చేయి చాపడం నేర్పండి. క్యాచర్లకు కూడా ఒక రూలు: కాలు దొరికాక పక్కనుంచి మోకాలి మీద పడకూడదు, డాష్ (రైడర్‌ని గుద్ది బయటికి నెట్టడం) భుజంతో, ఛాతీకి.

మట్టికీ మ్యాట్‌కీ తేడా పట్టు. మట్టిలో పాదం కొంచెం జారి మోకాలిని వదిలేస్తుంది, మ్యాట్ వదలదు. టోర్నమెంట్‌కి ముందు కనీసం కొన్ని సెషన్లయినా మ్యాట్ మీద, అవే బూట్లతో చేయించండి. మడమ ఎత్తుగా ఉండే రన్నింగ్ షూస్ వద్దు. మ్యాట్ ముక్కల మధ్య సందు లేకుండా చూసుకోండి, చెమట తుడిపించండి.

హైస్కూల్_పీడీ
ఇద్దరికీ థాంక్స్. రెండో అమ్మాయి సంగతి: పడ్డప్పుడు "టప్"మని వినిపించిందట, గంటన్నరలో మోకాలు బూరెలా వాచింది. ఎక్స్‌రే నార్మల్. ఇప్పుడు వాపు లేదు, నడుస్తోంది. జిల్లా పోటీలకు వస్తానంటోంది.

ఫిజియో_బెజవాడ
ఆడించకండి. ఎక్స్‌రేలో ఎముకే కనిపిస్తుంది, లిగమెంట్ కనిపించదు. "టప్"మనడం, రెండు గంటల్లోపే వాపు అంటే కీలులోకి రక్తం చేరిందని అర్థం. వేరే అని తేలేదాకా ఏసీఎల్ అనే అనుకోవాలి. వాపు పోతే బాగైనట్టు కాదు. తెగిన లిగమెంట్‌తో తిన్నగా నడవొచ్చు. తిరిగినప్పుడే మోకాలు పట్టు తప్పుతుంది, అలా తప్పిన ప్రతిసారీ మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలాంటిది) చిరిగే ప్రమాదం ఉంది. స్పోర్ట్స్ గాయాలు చూసే ఆర్థోపెడిక్ డాక్టర్‌తో లాక్‌మన్ టెస్ట్ (చేత్తో కదిలించి ఏసీఎల్ పట్టు చూసే పరీక్ష) చేయించండి. అవసరమైతే ఎమ్మారై ఆయనే రాస్తారు. మోకాలు పూర్తిగా చాపలేక ఇరుక్కుపోతే మాత్రం ఆలస్యం చేయొద్దు. మాలిష్, నాటు కట్టు రెండూ వద్దు.

ఆపరేషన్ మాట వస్తే, ఎముక చివర ఎదుగుదల ప్లేట్లు (పిల్లల్లో ఎముక పొడవు పెరిగే చోట్లు) మూసుకున్నాయో లేదో అడగమని ఆ తల్లిదండ్రులతో చెప్పండి. అవి తెరిచి ఉంటే పద్ధతి మారుతుంది. ఆపరేషన్ అయ్యాక కోర్టులోకి రావడం 9 నెలల లోపు వద్దు. అప్పుడైనా దెబ్బతిన్న కాలు బలంలో, ఒంటికాలి గెంతులో రెండో కాలికి 90 శాతమైనా చేరితేనే.