కాలిక్యులేటర్‌లో పాత ప్లాంక్ స్థిరాంకం ఉంది, మార్చడం ఎలా?

నేను కంప్యూటర్‌లో వాడే కాలిక్యులేటర్ సాఫ్ట్‌వేర్‌లో స్థిరాంకాల లిస్టు ఉంది, పై, కాంతి వేగం లాంటివి టైప్ చేయక్కర్లేదు, ఎంచుకుంటే చాలు. నిన్న ప్లాంక్ స్థిరాంకం (కాంతి పౌనఃపున్యం నుంచి ఫోటాన్ శక్తిని లెక్కించడానికి వాడే h) చూస్తే 6.62606957×10⁻³⁴ అని కనిపించింది. అది 2010 నాటి విలువ! 2019 మే 20 నుంచి దాన్ని కచ్చితంగా 6.62607015×10⁻³⁴ అని ఖాయం చేశారు కదా, బోల్ట్‌జ్‌మన్, అవొగాడ్రో స్థిరాంకాలు కూడా అప్పుడే స్థిరపడ్డాయి. తేడా కోటిలో ఒక వంతు కూడా లేదు, నిజమే, కానీ నా లెక్కలో చివరి అంకెలు పుస్తకంలోని జవాబుతో కలవక రెండు గంటలు తప్పు ఎక్కడుందా అని వెతికాను.

లిస్టులోని విలువను మనమే మార్చుకునే వీలు ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో సాధారణంగా ఎక్కడ ఉంటుంది? లేదంటే వేరే పేరుతో సొంత వేరియబుల్ పెట్టుకోవడమే మార్గమా? అలా చేస్తే జౌల్-సెకన్ యూనిట్ కూడా దానికి తగిలించవచ్చా? ఇంకో సందేహం: శూన్యంలో అయస్కాంత పారగమ్యత ఇప్పటికీ సరిగ్గా 4π×10⁻⁷ అనే చూపిస్తోంది, 2019 తర్వాత అది కొలిచి తేల్చే విలువ అయింది కాబట్టి దాన్నీ మార్చాలా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.