ద్రవ్యరాశి చేర్చగానే గుంపు కరిగిపోయింది. కోడ్‌లో తప్పా?

ప్రశ్న:
మూడు వారాలుగా ఒకేచోట ఆగిపోయాను. యాక్టివ్ బ్రౌనియన్ కణాల (తమను తామే ముందుకు తోసుకుంటూ, యాదృచ్ఛికంగా దిశ మార్చుకునే కణాల) సిమ్యులేషన్ నాది. చదునైన తలం మీద 10,000 గుండ్రటి కణాలు, తలంలో 50 శాతం వాటితో నిండి ఉంటుంది. పెక్లె సంఖ్య (వేగాన్ని దిశ మారే కాలంతో గుణించి, వ్యాసంతో భాగించాను) 100. ఆకర్షణ బలం బొత్తిగా లేదు, తాకితే నెట్టుకుంటాయంతే. ద్రవ్యరాశి లేని పాత కోడ్‌లో చక్కగా రెండు ప్రావస్థలుగా విడిపోయేవి: ఒకవైపు దట్టమైన గుంపు, చుట్టూ పలచటి వాయువు. ఆకర్షణ లేకుండానే అవి గుమిగూడటం మొదటిసారి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ద్రవ్యరాశి చేర్చి, స్టోక్స్ సంఖ్య (జడత్వ కాలానికీ, అంటే తోపు ఆగాక వేగం తగ్గడానికి పట్టే కాలానికీ, దిశ మారే కాలానికీ నిష్పత్తి) 0.5 పెట్టాను. గుంపు లేదు, అంతటా ఒకే సాంద్రత. టైమ్ స్టెప్ పదో వంతుకు తగ్గించినా అంతే. ఎక్కడ పొరబడ్డాను?

జవాబు 1:
పొరబాటు కాకపోవచ్చండీ. కణాలు రద్దీలో నెమ్మదిస్తాయి, నెమ్మదించిన చోటే పోగవుతాయి, పోగైనకొద్దీ ఇంకా నెమ్మదిస్తాయి. గుంపు కట్టేది దీనివల్లే. ద్రవ్యరాశి లేనప్పుడు ఎదురుపడ్డ రెండు కణాలు ఆనుకుని తోసుకుంటూ, ఏదో ఒకటి పక్కకి తిరిగేదాకా అక్కడే ఉండిపోతాయి. ద్రవ్యరాశి ఉంటే బంతుల్లా వెనక్కి ఎగురుతాయి, ఇరుక్కోవు.

నేనైతే స్టోక్స్ సంఖ్య ఒక్కదాన్నే చూడను. తోసే బలం ఆపేస్తే కణం ఎంత దూరం జారి ఆగుతుంది? మీ నిర్వచనాల ప్రకారం రెండు సంఖ్యలనూ గుణిస్తే చాలు: 0.5 × 100, అంటే 50 వ్యాసాలు! అంత దూరం జారేది ఒక ఢీతో ఎలా నిలుస్తుంది? ఈదే బ్యాక్టీరియా అయితే సుమారు 0.1 ఆంగ్‌స్ట్రామ్‌లో (ఆంగ్‌స్ట్రామ్ అంటే మైక్రోమీటరులో పదివేలో వంతు) ఆగిపోతుందని భౌతికశాస్త్రవేత్త పర్సెల్ 1976 ప్రసంగంలో లెక్కకట్టి చూపించాడు. అది ఒక మైక్రోమీటరు ఒంటిలో లక్షో వంతు. అందుకే బ్యాక్టీరియాకి ద్రవ్యరాశిని వదిలేసినా నష్టం లేదు. కంపించే పళ్ళెం మీద పరిగెత్తే చిన్న రోబోలకి అలా వదిలేయలేం.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తాను. ఒక జాగ్రత్త మాత్రం: తోసే బలం పెంచి, వికర్షణ గట్టితనం అలాగే ఉంచితే కణాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి అసలు వ్యాసమే తగ్గుతుంది. అప్పుడు మీరు చూసేది జడత్వ ప్రభావమో, సాంద్రత మార్పో తేల్చలేరు. రెండూ కలిపి పెంచండి.

స్టోక్స్ సంఖ్య 0.05 దగ్గర కూడా ఒకసారి నడపండి. గుంపులోనూ బయటా గతిజశక్తి విడివిడిగా కొలవండి.

అడిగినవారు:
నడిపాను. 0.001 దగ్గర పాత గుంపు ఉన్నది ఉన్నట్టు తిరిగొచ్చింది. 0.05 దగ్గరా గుంపు ఉంది, కానీ లోపలి కణాల గతిజశక్తి బయటివాటికంటే చాలా తక్కువ. గుంపు మొత్తంగా కదిలే వేగాన్ని తీసేశాకే కొలిచాను. గతిజశక్తినే ఉష్ణోగ్రతగా లెక్కిస్తే, పక్కపక్కనే ఉన్న రెండు ప్రావస్థలకి రెండు ఉష్ణోగ్రతలా? నా థర్మోస్టాట్ (కోడ్‌లో ఉష్ణోగ్రతను అదుపుచేసే భాగం) చెడిందేమోనని భయమేసింది.

జవాబు 2:
చెడలేదు! భౌతికశాస్త్రవేత్తలు మండల్, లీబ్‌షెన్, లోవెన్ 2019లో చూపించింది సరిగ్గా ఇదే. ఢీ తర్వాత కణం మళ్ళీ వేగం పుంజుకోవడానికి జడత్వ కాలమంత వ్యవధి కావాలి. వాయువులో అది దొరుకుతుంది. గుంపులో ఈలోపే ఇంకో ఢీ తగులుతుంది, అందుకే లోపల చల్లన. సమతాస్థితిలో నీరూ ఆవిరీ ఇలా వేర్వేరు ఉష్ణోగ్రతల్లో కలిసి ఉండలేవు. ద్రవ్యరాశి లేని కోడ్‌లోనూ మీకిది కనబడేది కాదు.

జవాబు 1:
ఇప్పుడు స్టోక్స్ 0.05 మార్చకుండా పెక్లె ఒక్కటే పెంచుకుంటూ పోండి. జారే దూరం దాంతోపాటే పెరుగుతుంది కాబట్టి, ఒక హద్దు దాటాక గుంపు మళ్ళీ కరిగిపోవాలి. ద్రవ్యరాశి లేనప్పుడు పెక్లె పెంచి గుంపును ఇలా చెదరగొట్టలేం. ఆ హద్దు ఎక్కడ వచ్చిందో ఇక్కడ రాయండి, నా కోడ్‌తో సరిచూస్తాను.