హ్యాష్‌ను ‘ఆనవాలు’ అంటే కుదురుతుందా?

తిరుపతిలో మా ఆఫీసులో పీహెచ్‌పీ పని, అంటే వెబ్‌సైట్లకు ఆ భాషలో కోడ్ రాయడం. కొత్తగా చేరిన పిల్లలకు తెలుగులోనే చెబుతుంటాను. నిన్న ఒకమ్మాయి ‘ఫైలు మారినా హ్యాష్ మారలేదు సార్’ అంది. (హ్యాష్ అంటే ఫైలులో ఉన్నదాని నుంచి లెక్కకట్టి తీసే చిన్న గుర్తు.) చూస్తే, హ్యాష్ ఫంక్షన్‌కు ఫైలు ఉన్న దారిని, అంటే ఫోల్డర్ల పేర్లతో రాసే చిరునామాను ఇచ్చింది. అది ఆ దారిలోని అక్షరాలకే లెక్క కట్టింది, ఫైలు తెరవనే లేదు. దానికి హ్యాష్‌_ఫైల్ వాడాలి. ‘అసలు హ్యాష్ అంటే తెలుగులో ఏంది సార్?’ అని అడిగితే నీళ్లు నమిలాను. వేలిముద్ర అన్నాను. ‘రేషన్ షాపులో లాగానా?’ అని నవ్వింది. మీరేమంటారు?

— ఇంగ్లిష్‌లో హ్యాష్ అంటే తరిగి కలిపేసిన కూర కదన్నా. మన చిత్తూరు వైపు ఊరిబిండి అనుకో! దంచినాక చెనక్కాయ గింజలు వెనక్కి రావు. హ్యాష్ నుంచి ఫైలూ రాదు.

— పోలిక రుచిగానే ఉంది. కానీ గంపెడు దంచితే గంపెడు ఊరిబిండి అవుతుంది. ఇక్కడ రెండు కేబీల ఫైలైనా, రెండు జీబీల వీడియో అయినా ఎస్‌హెచ్‌ఏ-256 అనే హ్యాష్ పద్ధతి ఇచ్చేది 64 అక్షరాలే.

— ‘ఆనవాలు’ చూడండి. హనుమంతుడు సీతమ్మకు చూపిన ఉంగరం ఆనవాలే. అది రాముడు కాదు, రాముణ్ణి గుర్తు చేసేది. ఫైలులో ఒక్క కామా మారినా ఆనవాలు కలవదు. ఫైలు పేరు మారితే మాత్రం ఏమీ కాదు, లోపలున్నదే లెక్క.

— మరి దొంగ ఆనవాలు చూపిస్తే?

— ఎండీ5 అనే పాత హ్యాష్ పద్ధతికి అదే గతి పట్టింది. వేర్వేరు సమాచారానికి ఒకే హ్యాష్ రావడం 2004లో చైనా పరిశోధకులు చూపించారు. 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థ కలిసి ఎస్‌హెచ్‌ఏ-1 అనే మరో పద్ధతికీ రెండు పీడీఎఫ్‌లతో అదే చేశాయి. పొరపాటున చెడిన ఫైలును పట్టుకోవడానికి ఎండీ5 చాలు గానీ, మోసగాడి ముందు పనికిరాదు.

నాకు ఆనవాలే నచ్చింది. క్రియలూ దొరుకుతున్నాయి: ఆనవాలు తీయడం, సరిచూడడం, కలవకపోవడం. వేలిముద్ర అంటే ఆధార్ మిషనే గుర్తొస్తుంది.

పొద్దున ఆ అమ్మాయి కోడ్ పంపింది. వేరియబుల్ పేరు, డాలర్ గుర్తు పక్కన తెలుగు అక్షరాల్లోనే, ‘ఆనవాలు’. పీహెచ్‌పీ కిక్కురుమనకుండా నడిపింది.