పార్లర్‌లో పరిచయమైన కస్టమర్లు ఎవరివాళ్లు?

జడగంటలు, భీమవరం:

అందరికీ నమస్కారం. నాకు 26 ఏళ్లు. భీమవరంలో ఒక పార్లర్‌లో నాలుగేళ్లుగా చేస్తున్నాను. చేరిన కొత్తలో తువ్వాళ్లు ఉతకడం, కింద పడ్డ జుట్టు ఊడవడం నా పని. ఇప్పుడు కట్టింగ్, కలర్, స్మూతెనింగ్, పెళ్లికూతురి జడ అన్నీ నేనే చేస్తాను. జీతం 13 వేలు. మాఘమాసం ముహూర్తాల నుంచి సొంతంగా, ఇళ్లకు వెళ్లి చేద్దామనుకుంటున్నాను. షాపు పెట్టే స్తోమత నాకు లేదు.

నా చేతిపనే కావాలని అడిగి వచ్చేవాళ్లు 30 మంది దాకా ఉన్నారు. కొందరి దగ్గర నా నంబరు ఉంది. మానేస్తానని చెప్పగానే మా మేడం, కుర్చీలో కస్టమర్ ఉండగానే, "నా కస్టమర్లలో ఒక్కరికి ఫోన్ చేసినా అది దొంగతనమే" అన్నారు. అప్పటికి ఆ కస్టమర్ తలకి సగమే కలర్ పెట్టాను. చేతులు వణికాయి. ఆపితే రెండు వైపులా రంగు తేడా వచ్చేస్తుందని ఏడుపు దిగమింగుకుని మిగతా సగం పూర్తి చేశాను. ఆ రాత్రి నిద్ర లేదు. నేను చేయబోయేది నిజంగా తప్పేనా? పార్లర్లు నడిపేవాళ్లు కూడా చెప్పండి.

పార్లర్ అక్క, తణుకు:

చెల్లీ, కస్టమర్ ముందు ఆ మాట అనడం మీ మేడం తప్పు. అది ఒప్పుకుంటాను. కానీ అసలు ప్రశ్నకి నా జవాబు, తప్పే.

నువ్వు మొదటిసారి ఎవరి జుట్టో పాడుచేసినప్పుడు ఆ మనిషిని బతిమాలి, డబ్బు తీసుకోకుండా సరిచేసి పంపింది ఎవరు? ఆషాఢంలో, పుష్యంలో ముహూర్తాలు లేక రోజుకి ఇద్దరు కూడా రాని రోజుల్లో నీ జీతం ఆగిందా? ఆ కస్టమర్ మొదటిసారి లోపలికి వచ్చింది బోర్డు చూసి, ఏసీ చూసి. నీ చేతిపని ఆవిడకి తెలిసింది ఆ తర్వాతే.

నా దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది, దువ్వెన పట్టుకోవడం కూడా రాకుండా. జుట్టు పాయలు విడదీయడం దగ్గర్నుంచి, రంగులో కలిపే డెవలపర్ 20 వాల్యూమ్‌ది ఎవరికి వాడాలి, ఇంకా ఘాటైన 30 ఎవరికి వాడకూడదు అనేదాకా పక్కన నిలబడి నేర్పాను. రెండేళ్లయ్యాక, శ్రావణం వారంలో పడుతుందనగా మానేసింది. వెళ్తూ వెళ్తూ ఇద్దరు పెళ్లికూతుళ్ల బుకింగ్ తనతో తీసుకెళ్లింది. ఆ నెల అద్దె నా మెడలో గొలుసు తాకట్టు పెట్టి కట్టాను. ఆ అమ్మాయి ఎదురైతే ఇప్పటికీ పలకరిస్తాను, కానీ ఆ బాధ పోలేదు.

లా చదివాను, నరసాపురం:

చట్టం సంగతి మాత్రం చెబుతాను. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం, ఒకరిని వాళ్ల వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం చెల్లదు. వ్యాపారం అమ్మేసి, దాని మంచిపేరుకి (గుడ్‌విల్) కూడా డబ్బు తీసుకున్నవాళ్ల విషయం వేరు. కాబట్టి మానేశాక భీమవరంలో పని చేయకూడదని బాండ్ రాయించుకున్నా భయపడనక్కర్లేదు. కానీ పార్లర్ రిజిస్టర్‌ని ఫోన్‌లో ఫొటోలు తీసుకుని వెళ్లడం వేరే సంగతి. ఆ పని చేయకండి.

కోనసీమ కత్తెర, అమలాపురం దగ్గర:

ఈ ప్రశ్నకి మా ఇంట్లో ఒకప్పుడు ఖాయమైన జవాబు ఉండేది. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మేం నాయీ బ్రాహ్మణులం. మా తాతకి ఊళ్లో 60 ఇళ్లు ఉండేవి. ఉండేవి అంటే ఆ ఇళ్లలో క్షవరం చేసే హక్కు ఆయనది. ఆయన పోయాక మా నాన్న, ఇద్దరు బాబాయిలు పొలం పంచుకున్నట్టే తలా 20 ఇళ్లు పంచుకున్నారు. ఒకరి వాటా ఇంట్లో ఇంకొకరు కత్తి పెట్టకూడదు. చేతికి డబ్బు ఇచ్చేవారు కాదు. నూర్పిళ్లప్పుడు కళ్లంలో మేర కింద ధాన్యం కొలిచేవారు. పెళ్లికి సన్నాయి మాదే, పెళ్లికొడుకు గోళ్లు తీసేది మేమే, పురుడు పోసేది మా నాయనమ్మ. పార్లర్ అక్కగారు "నా కస్టమర్లు" అంటున్నట్టే మేమూ "మా ఇళ్లు" అనుకునేవాళ్లం. కానీ పిలిస్తే తెల్లారకముందే వెళ్లాల్సింది మేం. వాళ్ల అరుగు ఎక్కనివ్వకపోయినా ఊరుకోవాల్సింది మేం. ఎవరు ఎవరివాళ్లో మీరే చెప్పండి.

1986లో నాన్న కాలువ లాకుల దగ్గర చిన్న పాక వేశారు. ఒక చెక్క కుర్చీ, గోడకి ఒక అద్దం, బయట ఒక బల్ల. ఇంటికి రాను, పని కావాలంటే ఇక్కడికి రండి అని కబురు పెట్టారు. బాబాయిల వాటా ఇళ్లవాళ్లు కూడా రావడం మొదలెట్టారు. నాన్న ఎవర్నీ పిలవలేదు. అయినా పెద్ద గొడవైంది, చిన్న బాబాయ్ రెండేళ్లు మాతో మాట్లాడలేదు. నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంటుంది: మా తాతని నేలమీద కూర్చోబెట్టిన ఇంటి పెద్దాయన, వంతు వచ్చేదాకా మా బల్ల మీద కూర్చుని పేపరు చదువుకున్నాడు. నాన్న ఆ రోజు ఇంటికొచ్చి ఏమీ మాట్లాడలేదు. అన్నం మాత్రం ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

కాబట్టి అమ్మాయ్, మనిషి ఎవరి సొత్తూ కాదు. అలాగని ఫోన్లు చేసి లాక్కోవద్దు. ఎక్కడ దొరుకుతావో తెలిసేలా ఉండు చాలు, రావలసినవాళ్లు వస్తారు.

ఇంకొకటి, చాలాకాలంగా మనసులో ఉన్నది. ఈ పనికి హెయిర్ స్టైలిస్ట్ అని పేరు వచ్చాక బయటివాళ్లు చేస్తే గౌరవం ఇస్తున్నారు, సంతోషం. అదే పని మా పిల్లలు చేస్తే ఇప్పటికీ కులం పేరుతో పిలిచేవాళ్లున్నారు. మావాడు హైదరాబాద్‌లో కోర్సు నేర్చుకుని వచ్చాడు. పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబర్ 17న మొదలైంది. అందులోని 18 వృత్తుల్లో మాదీ ఉంది. పనిముట్లకి 15 వేలు, 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష దాకా అప్పు ఇస్తారు. రావులపాలెంలో మావాడు దాంతోనే నిలదొక్కుకున్నాడు. వాడు ఇంటికెళ్లి కటింగ్ చేయమంటే వెళ్లడు. నువ్వు ఇళ్లకు వెళ్లడాన్ని స్వతంత్రం అంటున్నావు, మాకు వెళ్లకపోవడమే స్వతంత్రం. ఇద్దరిదీ నిజమే.

మల్లెజడ, రాజమండ్రి:

ఆరేళ్లుగా ఇళ్లకు వెళ్లి చేస్తున్నాను. కోనసీమ బాబాయ్ గారి మాటకి ఒకటి కలుపుతాను. నేను మానేసేటప్పుడు రెండు నెలల ముందే చెప్పాను. అప్పటికే బుక్ అయిన పెళ్లిళ్లు పార్లర్ పేరు మీదే చేసిచ్చాను, ఆ డబ్బు వాళ్లకే వెళ్లింది. తర్వాత వెతుక్కుంటూ ఫోన్ చేసినవాళ్లని మాత్రం వద్దనలేదు. పార్లర్ రిజిస్టర్ పార్లర్‌ది. ఎవరికి ఏ షేడ్, ఎంత డెవలపర్, ఎన్ని నిమిషాలు అని నేను రాసుకున్న డైరీ మాత్రం నాది. నా నేర్పంతా అందులోనే ఉంది.

ఇంకో సంగతి, ఇళ్లకు వెళ్లడమంటే అంత తేలిక కాదు. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. షాంపూ నురగ రాదు, కడిగాక జుట్టు పీచులా అయిపోతుంది. మొదట్లో ఒక స్మూతెనింగ్ అలా పాడైంది, డబ్బు తిరిగిచ్చేశాను. అప్పట్నుంచి ఆటోలో రెండు 20 లీటర్ల నీళ్ల టిన్‌లు వేసుకునే వెళ్తున్నాను. పూలజడకైతే తెల్లారకముందే కడియపులంక వెళ్లి మల్లెలు, కనకాంబరాలు నేనే ఏరుకుంటాను. వాడిన పువ్వు ఒక్కటి ఉన్నా ఫొటోలో అదే కనబడుతుంది. రంగు వేయాలంటే 48 గంటల ముందు చెవి వెనక కాస్త రాసి చూడు, పెళ్లి హడావిడిలో అందరూ మానేసేది ఇదే. మూడో వంతు అడ్వాన్స్ లేకుండా ముహూర్తం ఒప్పుకోకు. ఆషాఢం ఖర్చులకి వైశాఖంలోనే డబ్బు పక్కన పెట్టు. పార్లర్ అక్క చెప్పిన ఆ ఖాళీ నెలల్లో ఇక నీకు జీతం ఇచ్చేది నువ్వే.

పాలకొల్లు కోడలు:

నేను కస్టమర్‌ని. నన్ను ఎవరు తీసుకెళ్లాలి అని మీరంతా వాదించుకుంటున్నారు, నన్ను అడిగినవాళ్లు లేరు. నా జుట్టు పల్చబడ్డ చోటు ఎవరికీ కనబడకుండా పాపిడి ఎలా తీయాలో ఒక్క అమ్మాయికే తెలుసు. తను పార్లర్ మానేసిన సంగతి అక్కడ అడిగితే "ఊరెళ్లింది" అన్నారు. ఎనిమిది నెలలు వెతికాను. కనీసం నిజం చెప్పాల్సింది.

పార్లర్ అక్క, తణుకు:

పాలకొల్లు అమ్మాయి మాట గుచ్చుకుంది. నేనూ "ఊరెళ్లింది" అని చెప్పినదాన్నే. ఇకపై చెప్పను. కానీ బుక్ అయిన పెళ్లిళ్లు వదిలేసి వెళ్లడం, నేర్పినవాళ్ల కడుపు కొట్టడమే. ఆ మాట మీద మాత్రం ఉంటాను.

జడగంటలు, భీమవరం:

నిన్న మేడంతో మాట్లాడాను. మాఘంలో నా పేరు చెప్పి బుక్ చేసుకున్న పెళ్లిళ్లు మూడు ఉన్నాయి. అవి పార్లర్ తరఫునే చేస్తాను, డబ్బు మీకే అన్నాను. ఆవిడ సరే అన్నారు, మొహం మాత్రం చూడలేదు. ఎవరైనా అడిగితే నేను మానేశానని చెప్పండి చాలు అన్నాను. దానికి జవాబు లేదు.

బ్యాగు సర్దుకుంటుంటే రిజిస్టర్ తెరిచి నా ముందు పెట్టి, "ఆ రోజు ఆవిడకి ఏం కలిపావు?" అని అడిగారు. రాసిచ్చాను: ముదురు గోధుమ రంగు, 20 వాల్యూమ్, 35 నిమిషాలు, ఎడమ కణత దగ్గర తెల్ల వెంట్రుకలు మొండివి, ముందు అక్కడే మొదలుపెట్టాలి. మేడం అది రెండుసార్లు చదివి, పక్కన తారీఖు వేసుకున్నారు. నా డైరీ నేను తెచ్చుకున్నాను.