గ్రౌండ్ బయట చేసిన తప్పుకు ఆటగాణ్ణి ఆపొచ్చా?

అన్నలారా, అనంతపురంలో మేం కొంతమందిమి కలిసి టెన్నిస్ బాల్ క్రికెట్ లీగ్ నడుపుతాం. మా లీగ్‌లో మంచి బౌలర్ ఒకడు పోయిన వారం తాగి, టీ అంగడి పిల్లోణ్ణి కొట్టినాడు. గ్లాసులు పగిలి పిల్లోడి అరచేతికి కుట్లు పడినాయి. పోలీసు కేసైంది, ఇంకా ఏమీ తేలలేదు.

'గ్రౌండ్‌లో ఏం చేయలేదు కదా, మనకెందుకు' అంటారు కమిటీలో సగంమంది. నాకు మనసొప్పడం లేదు. మా మ్యాచ్‌లకు టీ క్యాన్ మోసుకొచ్చేది ఆ పిల్లోడే. వాడి ముందర ఇతనికి చప్పట్లు ఎట్లా కొట్టేది?

2019 జనవరిలో టీవీ షోలో మాటలకే హార్దిక్ పాండ్యా, కేఎల్ రాహుల్‌లను బీసీసీఐ సస్పెండ్ చేసింది. ఇంకోపక్క ఇంగ్లండ్ ఆటగాడు బెన్ స్టోక్స్ 2017లో బ్రిస్టల్‌లో నైట్‌క్లబ్ బయట జరిగిన కొట్లాట వల్ల ఆస్ట్రేలియాతో యాషెస్ సిరీస్ ఆడే అవకాశం పోగొట్టుకున్నాడు. 2018 ఆగస్టులో కోర్టు నిర్దోషి అని తేల్చింది. పోయిన సిరీస్ ఎవరు తెచ్చిస్తారు? నా భయమంతా అదే.

మా నియమాల్లో బయటి ప్రవర్తన గురించి ఒక్క ముక్కా లేదు. ఇప్పుడు రాసుకొని పాత గొడవకు వర్తింపజేయొచ్చా? కేసు తేలేదాకా ఆపాలా, మేమే ఇద్దర్నీ పిలిచి విచారించి రెండు మ్యాచ్‌లు ఆపితే చాలా? లీగులు నడిపినవాళ్లు, లాయర్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఆదివారం సెమీఫైనల్, ఆలోపే తేల్చాల.